ఎన్నికల ఫలితం దేశానికి అద్దమా?

2019 మే 23, గురువారం. మన దేశంలో ఆ రోజు రమజాన్ 17వ తేదీ, బద్ర్ దినం. అస్ర్ నమాజు వేళకే పార్లమెంటు ఎన్నికల ఫలితాలు దాదాపు తేలిపోయాయి. మసీదులో ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నవారిలో ఎవరి ముఖంలోనూ కళ లేదు. ఉపవాసి దుఆ స్వీకరించబడే ఆ ఘడియలో ఒక యువకుడు ఫోను వంక చూస్తూ, "ఇదండీ మౌలానా, ఈ దేశం అసలు రూపం! ఇన్నాళ్ళూ మనమే భ్రమలో ఉన్నాం" అన్నాడు. మేము కాదనలేదు. తల ఊపాము.

2024 జూన్ 4, మంగళవారం. అదే మసీదు, అదే యువకుడు. మగ్రిబ్ నమాజు ముగించి మెట్లు దిగుతూ, "చూశారా మౌలానా, ఈ దేశం ఆత్మ ఇంకా బతికే ఉంది!" అన్నాడు. అప్పుడూ తల ఊపాము.

ఇంటికి నడిచి వస్తుంటే దారిలో మాకు సిగ్గనిపించింది. ఐదేళ్ళ వ్యవధిలో నూరు కోట్లకు పైబడిన మనుషుల మీద రెండు తీర్పులు ఇచ్చేశాము. మొదటిసారి వారంతా చెడ్డవారు, రెండవసారి వారంతా మంచివారు. రెండు తీర్పులకూ మా దగ్గర ఉన్న సాక్ష్యం టీవీ తెర మీద కదిలిన అంకెలే. ఒక మనిషి మీద ఒక చిన్న నేరం మోపాలన్నా న్యాయవంతులైన సాక్షులు కావాలని ధర్మశాస్త్రం చెబుతుందని మేము విద్యార్థులకు పాఠం చెబుతాము. ఒక జాతి మొత్తం మీద తీర్పు చెప్పేటప్పుడు ఆ పాఠం ఎక్కడికి పోయింది?

కనుక ఈ ప్రశ్నను కాస్త నిదానంగా పరిశీలించాలనిపించింది. ఎన్నికల ఫలితం ఒక దేశపు స్వభావాన్ని బయటపెడుతుందా? బయటపెడితే ఎంతవరకు?

ముందు ఆ అంకెలనే చూద్దాం. 2019లో భారతీయ జనతా పార్టీకి 303 స్థానాలు, 37.4 శాతం ఓట్లు వచ్చాయి. 2024లో 240 స్థానాలు, 36.6 శాతం ఓట్లు వచ్చాయి. స్థానాలు 63 తగ్గాయి, ఓట్లు మాత్రం నూటికి ఒక్కటి కూడా తగ్గలేదు. ఒకచోట తగ్గినవి మరొకచోట పెరిగాయి. దేశం ఆత్మ చచ్చిపోయిందని ఒకసారి, బతికే ఉందని మరొకసారి మేము తల ఊపిన రెండు సందర్భాల మధ్య ఓట్లలో ఉన్న అంతరం ఇంతే. పైగా ఆ 2024 ఫలితం తర్వాత ఏర్పడిన కేంద్ర ప్రభుత్వం నిలబడింది తెలుగుదేశం పార్టీ 16 మంది, బీహారుకు చెందిన జనతాదళ్ (యు) 12 మంది సభ్యుల మద్దతుతో. అంటే ఉత్తరాదివారు ఒకవైపు లాగిన తాడును మన తెలుగువారి ఓట్లు మరొకవైపు లాగి కట్టాయి. ఇందులో దేశం ఆత్మ ఎక్కడున్నట్టు?

పెద్దవారికి 2004 గుర్తుండే ఉంటుంది. అప్పటికి మేము మదరసాలో చిన్న తరగతుల విద్యార్థులం. దేశం వెలిగిపోతోందన్న ప్రచారానికి పేదవాడు ఓటుతో జవాబు చెప్పాడని ఉర్దూ పత్రికలూ తెలుగు పత్రికలూ రాశాయి. మా ఉస్తాదులు కూడా సంతోషించారు. తర్వాత ఎప్పుడో లెక్కలు చూస్తే ఆశ్చర్యం వేసింది. 1999లో కాంగ్రెసుకు 28.3 శాతం ఓట్లతో 114 స్థానాలు వచ్చాయి. 2004లో 26.5 శాతం ఓట్లతో 145 స్థానాలు వచ్చాయి. ఓట్లు తగ్గి స్థానాలు పెరిగాయి! పొత్తులు కుదిరాయి, ఎదుటివారి పొత్తులు చెదిరాయి. మన ఎన్నికల పద్ధతిలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడే గెలుస్తాడు, తక్కిన ఓట్లన్నీ పెట్టెలోనే ఉండిపోతాయి. 2014లో 282 స్థానాలు తెచ్చిపెట్టినవి 31 శాతం ఓట్లు. అసలు స్వతంత్ర భారతదేశంలో ఏ లోక్‌సభ ఎన్నికలోనూ ఏ పార్టీకీ ఒంటరిగా సగం ఓట్లు రాలేదు.

ఈ లెక్కలు చెప్పి మనల్ని మనం ఓదార్చుకోవాలన్నది మా ఉద్దేశం కాదు. 31 శాతం అంటే దాదాపు 17 కోట్ల మంది మనుషులు, అది చిన్న సంఖ్య కాదు. మేము చెప్పదలచిందల్లా, గెలుపు ఓటములు కూడికల తీసివేతల మీద ఆధారపడినంతగా మనుషుల హృదయాల మీద ఆధారపడవు అని.

ఇక్కడ ఒక మాట అడ్డు వస్తుంది. మన సభలలో, జుమా ప్రసంగాలలో, "మీరెలాంటివారో మీ మీద పాలకులూ అలాంటివారే వస్తారు" అన్న భావం గల రివాయతును హదీసుగా వినిపిస్తూ ఉంటారు. దాని ఆధారంగా, చెడ్డ పాలకుడు వచ్చాడంటే ప్రజలు చెడ్డవారని తీర్మానిస్తారు. మనవాళ్ళు వాడే సంస్కృత సామెత దీనికి తిరగబడి ఉంది. "యథా రాజా తథా ప్రజా" అంటారు. రాజు ఎలాంటివాడో ప్రజలూ అలాంటివారే అని. హదీసు విద్వాంసుల దృష్టిలో ఆ రివాయతు సనదు బలహీనమైనది. దైవప్రవక్త (సఅసం) చెప్పారని నిశ్చయంగా చెప్పి దాని మీద ఒక సిద్ధాంతం కట్టడం సరికాదు. మేము కూడా మొదటి రోజుల్లో దీనిని మింబర్ మీద నుంచి చెప్పినవాళ్ళమే. అల్లాహ్ క్షమించుగాక.

అల్లాహ్ ఒక జాతి తన లోపలి స్థితిని మార్చుకోనంతవరకు దాని స్థితిని మార్చడని రాద్ సూరా 11వ వచనం తెలియజేస్తున్నది. అది సత్యం. కాని ఈ వచనం ఒక జాతికి తన బాధ్యతను గుర్తు చేయడానికి అవతరించింది. పక్కవాడి స్థితి చూసి వాడి హృదయం ఇలాంటిదని లెక్క కట్టడానికి అవతరించలేదు.

చరిత్ర కూడా ఆ లెక్కను ఒప్పుకోదు. హజ్జాజ్ బిన్ యూసుఫ్ హిజ్రీ 95లో చనిపోయేవరకు సుమారు ఇరవై ఏళ్ళు ఇరాక్‌ను పాలించాడు. హజ్రత్ సయీద్ బిన్ జుబైర్ (రహ్మలై) వంటి మహాపండితుణ్ణి చంపించినవాడు అతడే. నాలుగేళ్ళు తిరగకముందే హిజ్రీ 99లో హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మలై) ఖలీఫా అయ్యారు. కొత్తగా ఇస్లాం స్వీకరించినవారి నుంచి జిజియా వసూలు చేయడం ఆపించారు. రెండున్నరేళ్ళలోపే ఆయన కన్నుమూశారు, తర్వాత పాలన మళ్ళీ పాత దారి పట్టింది. కూఫా, బస్రా నగరాలలోని ప్రజలు మాత్రం అదే ప్రజలు. నాలుగేళ్ళలో వారంతా దుర్మార్గుల నుంచి సజ్జనులుగా, ఇంకో రెండేళ్ళలో సజ్జనుల నుంచి దుర్మార్గులుగా మారిపోయారా?

ఆ పాలకులను ప్రజలు ఓటు వేసి ఎన్నుకోలేదు కదా అని మీరు అనవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఎన్నుకున్న సందర్భాన్నే తీసుకుందాం. మన తెలుగు నేలకు బాగా సంబంధించిన ఉదాహరణ ఒకటి ఉంది.

1975 జూన్ 25న దేశంలో ఎమర్జెన్సీ విధించారు. పత్రికల మీద సెన్సారు పెట్టారు. వేలాది మందిని విచారణ లేకుండా జైళ్ళలో పెట్టారు. జూలైలో నిషేధించిన సంస్థలలో జమాఅతె ఇస్లామీ హింద్ కూడా ఉంది, ఆర్.ఎస్.ఎస్. కూడా ఉంది. 1976 ఏప్రిల్‌లో ఢిల్లీ తుర్క్‌మాన్ గేటు దగ్గర ముస్లిముల ఇళ్ళు కూల్చారు, అడ్డుకున్నవారి మీద కాల్పులు జరిపారు. ఉత్తరప్రదేశ్‌లో, హర్యానాలోని మేవాత్ గ్రామాలలో బలవంతపు నస్‌బందీ కోసం మగవారిని పట్టుకుపోయారు. 1977 మార్చిలో ఎన్నికలు జరిగాయి. ఉత్తరప్రదేశ్‌లోని 85 స్థానాలలో కాంగ్రెసుకు ఒక్కటీ రాలేదు, బీహారులోని 54 స్థానాలలో ఒక్కటీ రాలేదు. ప్రధాని ఇందిరా గాంధీ స్వయంగా రాయ్‌బరేలీలో ఓడిపోయారు. భారతదేశపు నిరుపేద, నిరక్షరాస్య ఓటరు స్వేచ్ఛను ప్రేమిస్తాడని ఈ ఫలితం రుజువు చేసిందని ఇప్పటికీ పుస్తకాలలో రాస్తున్నారు.

మరి అదే మార్చిలో మన ఆంధ్రప్రదేశ్ ఏం చేసింది? 42 స్థానాలలో 41 కాంగ్రెసుకే ఇచ్చింది. నంద్యాలలో నీలం సంజీవరెడ్డిగారు ఒక్కరే జనతా పార్టీ తరఫున గెలిచారు. ఆయనే ఆ సంవత్సరం రాష్ట్రపతి అయ్యారు. ఫలితమే స్వభావానికి అద్దమైతే, గంగానది ఒడ్డునున్నవాడు స్వేచ్ఛాప్రియుడు, కృష్ణా గోదావరుల ఒడ్డునున్నవాడు బానిసత్వాన్ని ఇష్టపడేవాడు అనాలి. అలా అనడానికి ఏ తెలుగువాడికీ నోరు రాదు. మూడేళ్ళు తిరగకముందే 1980 జనవరిలో అదే ఉత్తరప్రదేశ్ ఇందిరా గాంధీ పార్టీకి 51 స్థానాలు ఇచ్చింది. ఆమె రాయ్‌బరేలీలోనూ మన మెదక్‌లోనూ గెలిచి, మెదక్‌నే ఉంచుకున్నారు. 1984 డిసెంబరులో దేశమంతా ఒకవైపు పరుగెత్తి కాంగ్రెసుకు నాలుగు వందలకు పైగా స్థానాలు ఇస్తే, ఏడేళ్ళ క్రితం తల వంచినట్టు కనిపించిన తెలుగువారే తెలుగుదేశానికి 30 స్థానాలు ఇచ్చి, ఒక ప్రాంతీయ పార్టీని లోక్‌సభలో పెద్ద ప్రతిపక్షంగా కూర్చోబెట్టారు. ఎవరి స్వభావం ఎప్పుడు మారింది?

మా దృష్టిలో 1977 తెలుగు ఓటు చెప్పేది వేరే ఉంది. నస్‌బందీ బలవంతం ఉత్తరాదిలో ఉన్నంత తీవ్రంగా ఇక్కడి గడపలు తొక్కలేదు. తుర్క్‌మాన్ గేటు మనకు పదిహేను వందల కిలోమీటర్ల దూరం. సెన్సారు వల్ల వార్త కూడా సరిగా అందలేదు. తన గడపలోకి రాని జులుమును మనిషి సులభంగా క్షమిస్తాడు. ఆ 41 నియోజకవర్గాలలో మన కడప, కర్నూలు, గుంటూరు ముస్లిం ఇళ్ళు కూడా ఉన్నాయి. మన పెద్దలు ఎవరు ఎటు వేశారో మనకు తెలియదు. వారి కర్మలు వారివి, మన కర్మలు మనవి. అయినా ఢిల్లీలో తమ ధార్మిక సోదరుల ఇళ్ళు కూలిన సంగతి ఎంతమందికి తెలుసు, తెలిసినవారిలో ఎంతమంది దానిని ఓటు వేసేటప్పుడు తలచుకున్నారు అన్న ప్రశ్న మమ్మల్ని వదలదు.

1984 ఫలితాన్ని ఇంత తేలికగా దాటిపోలేము. ఆ ఏడాది నవంబరు మొదటి రోజుల్లో, ప్రభుత్వ లెక్క ప్రకారమే, ఢిల్లీ నగరంలో 2,733 మంది సిక్కులను చంపారు. టైర్లు మెడకు వేసి తగలబెట్టారు. పోలీసులు చూస్తూ ఊరుకున్నారు. అధికార పార్టీకి చెందిన నాయకులు గుంపులను నడిపించారన్న మాట అప్పుడే వినిపించింది. వారిలో ఒకరికి ఢిల్లీ హైకోర్టు జీవితఖైదు విధించడానికి 2018 డిసెంబరు వరకు పట్టింది. ఆ హత్యాకాండ జరిగిన రెండు నెలలలోపే, డిసెంబరు చివరలో పోలింగు జరిగింది. ఢిల్లీలోని ఏడు స్థానాలూ ఆ అధికార పార్టీకే దక్కాయి.

ఇక్కడ మాత్రం ఫలితం ఏమీ చెప్పదని మేము అనలేము. ఖుర్ఆన్‌లో సమూద్ జాతి ఉదంతం చదివేవారు ఒక విషయం గమనించే ఉంటారు. ఖమర్ సూరా 29వ వచనంలో, వారు తమ సహచరుణ్ణి పిలిచారని, అతడు ఆ ఒంటె కాళ్ళు నరికాడని ఏకవచనంలో ఉంది. షమ్స్ సూరా 14వ వచనంలో అదే పనిని 'వారు' చేశారని బహువచనంలో ఉంది. కత్తి పట్టినవాడు ఒక్కడే, నేరం మాత్రం జాతి మీద పడింది. ఎందుకంటే వారు పిలిచారు, చూశారు, సమ్మతించారు. మా ఉస్తాదు ఈ రెండు వచనాలను పక్కపక్కన పెట్టి పాఠం చెప్పిన రోజు తరగతిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. సమ్మతి కూడా ఒక కర్మే. చేతితో చేయనివాడు హృదయంతో చేసినవాడవుతాడు.

కాబట్టి ఎన్నికల ఫలితం మనిషి దేనిని ప్రేమిస్తాడో అంతగా చెప్పకపోవచ్చు గాని, దేనిని చూసీ చూడనట్టు దాటిపోగలడో కొంత చెబుతుంది. ఢిల్లీ ఓటరు ప్రధాని హత్యకు దుఃఖించి వేసి ఉండవచ్చు, దేశం ముక్కలవుతుందన్న భయంతో వేసి ఉండవచ్చు. అతని వీధిలోని బూడిద మాత్రం అతని చేతిని ఆపలేదు. ఇది బాధాకరమైన సత్యం. 2002 తర్వాత గుజరాత్ గురించి మనం అడిగిన ప్రశ్నను 1984 గురించి సిక్కు సోదరులు మనందరినీ, అవును, ముస్లిములమైన మనల్ని కూడా, అడగవచ్చు.

అయినప్పటికీ ఆ సమ్మతిని ఎవరి మీద రాయాలి? అదే ఢిల్లీలో పొరుగు సిక్కులను తమ ఇళ్ళలో దాచి, గుంపు వస్తే అబద్ధం చెప్పి కాపాడిన హిందువులు, ముస్లిములు ఉన్నారు. డిసెంబరులో వారూ ఓటు వేశారు. ఎటు వేశారో ఎవరికీ తెలియదు. సమూద్ హృదయాలు తెలిసినవాడు అల్లాహ్, కనుకనే ఆ జాతి మీద తీర్పు ఆయనదయింది. బ్యాలెట్ కాగితం మీద గుర్తు ఉంటుంది, కారణం రాయడానికి గడి ఉండదు. ఇరవై ఏళ్ళ తర్వాత అదే పార్టీ గెలిచి ఒక సిక్కును ప్రధానిని చేసింది. 2005 ఆగస్టులో ఆయన పార్లమెంటులో నిలబడి 1984కు సిగ్గుతో తల దించుకుంటున్నానని చెప్పారు. 1984 ఫలితమూ 2004 ఫలితమూ రెండూ ఈ దేశానివే.

గ్రంథప్రజలలో ఎంతోమంది ద్రోహాన్ని, అవిధేయతను ఖుర్ఆన్ కఠినంగా ఖండించింది. అంత కఠినంగా చెప్పిన తర్వాత కూడా ఆలి ఇమ్రాన్ సూరా 113వ వచనంలో, వారందరూ ఒకేలాంటివారు కారని, వారిలో రాత్రివేళ నిలబడి దైవవచనాలు పఠించేవారున్నారని గుర్తు చేసింది. అన్నీ తెలిసిన ప్రభువే ఒక సముదాయాన్ని ఒక్క మాటతో కొట్టిపారేయలేదు. అర్ధరాత్రి వరకు టీవీ చూసి తెల్లారేసరికి మనం కొట్టిపారేస్తాము.

ఈ జాడ్యం మనది మాత్రమే కాదు. 2024లో అయోధ్య ఉన్న ఫైజాబాద్ స్థానంలో భారతీయ జనతా పార్టీ అభ్యర్థి 54,567 ఓట్ల తేడాతో ఓడిపోయినప్పుడు, సోషల్ మీడియాలో కొందరు అయోధ్య ప్రజలను ద్రోహులని, కృతఘ్నులని తిట్టిపోశారు. అక్కడికి వెళితే ఏమీ కొనవద్దని పిలుపులిచ్చారు. మనలో కొందరు దానిని చూసి నవ్వుకున్నారు. 2019లో మనం దేశం గురించి అన్న మాటకు, వారు అయోధ్య గురించి అన్న మాటకు తేడా ఏమిటి? నాకు నచ్చని ఫలితం వస్తే ప్రజలు చెడ్డవారు, నచ్చింది వస్తే మంచివారు. ఇందులో కొలబద్ద నేనే!

సహీహ్ ముస్లింలో హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు ఉంది. ప్రజలు నాశనమైపోయారు అని ఎవడైనా అంటే, వారందరిలో ఎక్కువగా నాశనమైనవాడు అతడేనని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. దీని వివరణలో ఇమామ్ మాలిక్ (రహ్మలై) ఒక తేడా చూపించారు. ప్రజల ధార్మిక స్థితి చూసి దుఃఖంతో అంటే తప్పు లేదు. తన గొప్పను తలచుకుని ప్రజలను చిన్నచూపు చూస్తూ అంటే అది నిషేధించబడినది. హదీసు పాఠంలో ఒక అక్షరం మీద స్వరం మారితే ఇంకొక అర్థం కూడా వస్తుంది. 'అహ్‌లకుహుమ్' అంటే వారిలో ఎక్కువగా నాశనమైనవాడు. 'అహ్‌లకహుమ్' అంటే వారిని నాశనం చేసినవాడు. మొదటిదే ప్రసిద్ధమైన పాఠం. రెండవది కూడా ఎంత నిజమో మాకు 2019లోనే తెలిసివచ్చింది.

ఆ యువకుడికి సెల్‌ఫోను రిపేరు దుకాణం ఉంది. పక్క దుకాణం ఒక టైలరుది, హిందూ సోదరుడు, యాభై దాటినవాడు. పదేళ్ళుగా ఒకరి టీ ఒకరు తాగినవారు. ఇతను నమాజుకు వస్తే దుకాణం ఆయన చూసేవాడు. ఫలితాలు వచ్చిన తర్వాత రమజాన్ ముగిసింది, ఈద్ వచ్చింది, సేమియా పాయసం ఆ దుకాణానికి వెళ్ళలేదు. ఈద్ అయిన పది రోజులకు ఆ టైలరు మా దగ్గరికి వచ్చాడు. "మౌలానా సాబ్, మీ పిల్లవాడు నాతో మాట్లాడటం మానేశాడు. పలకరిస్తే తల తిప్పుకుంటున్నాడు. నా వల్ల ఏం తప్పు జరిగిందో కొంచెం కనుక్కుని చెప్పండి" అన్నాడు.

ఆయన ఎవరికి ఓటు వేశాడో మాకు తెలియదు. ఆ యువకుడికీ తెలియదు. ఆయన చెప్పలేదు, మేము అడగలేదు. ఆయనకు చెప్పడానికి మా దగ్గర జవాబు లేదు. ఇఫ్తార్ దగ్గర మేము తల ఊపి ఉండకపోతే ఈ మనిషి ఇలా మా గుమ్మం ముందు నిలబడవలసి వచ్చేదా? ఒక జాతి మీద కోపం మిమ్మల్ని అన్యాయానికి పురికొల్పకూడదని మాయిదా సూరా 8వ వచనంలో ఉన్న ఆదేశాన్ని మేము ఎన్నోసార్లు పాలకులకు వినిపించాము. అది ఒక సెల్‌ఫోను దుకాణానికి, పక్కనున్న కుట్టుమిషనుకు మధ్య కూడా వర్తిస్తుందని మాకు తట్టలేదు. వెళ్ళి ఆ యువకుడితో మాట్లాడాము. అతను టైలరు దగ్గరికి వెళ్ళాడు. మునుపటిలా అంతా సర్దుకుందని చెప్పలేము, టీ మాత్రం మళ్ళీ మొదలైంది.

ఇక మన ఓటు సంగతి. ముఫ్తీ ముహమ్మద్ షఫీ (రహ్మలై) తమ ఉర్దూ తఫ్సీర్ మఆరిఫుల్ ఖుర్ఆన్‌లో ఓటుకు ధర్మశాస్త్రంలో ఉన్న స్థానాన్ని మూడు విధాలుగా వివరించారు. అది షహాదత్, అంటే ఈ అభ్యర్థి యోగ్యుడు, నిజాయితీపరుడు అని ఇచ్చే సాక్ష్యం. అది సిఫారసు. మంచి సిఫారసు చేసినవాడికి దాని మంచిలో, చెడ్డ సిఫారసు చేసినవాడికి దాని చెడులో వాటా ఉంటుందని నిసా సూరా 85వ వచనం చెబుతున్నది. మూడవది వకాలత్, జాతి అందరి తరఫున ఒకరికి అధికారం అప్పగించడం. దీని నష్టం ఒక్కడితో ఆగదు, అందరికీ తగులుతుంది. మా మదరసా విద్యార్థులు పరీక్షలో ఈ మూడూ గడగడా రాస్తారు.

ఓటు సాక్ష్యమని ఒప్పుకుంటే ఈ వ్యాసం మొదట్లో వేసుకున్న ప్రశ్న కొంత తేలికవుతుంది. ఎన్నికల ఫలితం అంటే సాక్ష్యాల మొత్తం. 2024లో దాదాపు 64 కోట్ల మంది సాక్ష్యం ఇచ్చారు, 30 కోట్లకు పైగా ఓటర్లు ఇవ్వలేదు. ఆ 64 కోట్లలో నిజమైన సాక్ష్యాలు ఎన్ని, భయపడి ఇచ్చినవి ఎన్ని, కులం చూసి, మతం చూసి, మన బిరాదరీ వాడని చూసి ఇచ్చినవి ఎన్ని, అమ్ముడుపోయినవి ఎన్ని? మొత్తం చూసి విడివిడి సాక్ష్యాల విలువ చెప్పగల మనిషి భూమి మీద లేడు. ప్రతివాడూ తీర్పుదినాన ఒంటరిగానే ప్రభువు ముందుకు వస్తాడని మర్యం సూరా 95వ వచనం. అక్కడ నియోజకవర్గాలు ఉండవు. నేను ఇచ్చిన ఆ ఒక్క సాక్ష్యం గురించి మాత్రం నాకు పూర్తిగా తెలుసు. నిసా సూరా 135వ వచనం ఆ సాక్ష్యం నాకే వ్యతిరేకంగా వెళ్ళినా, నా తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకంగా వెళ్ళినా న్యాయంగానే ఇవ్వమంటున్నది.

2024 మే 13న మన రెండు రాష్ట్రాలలో పోలింగు. రెండు రోజుల ముందు మా ఖాలా కబురు పంపింది. వెళ్ళేసరికి ముందు గదిలో మంచం మీద నాలుగు కవర్లు ఉన్నాయి. ఆ ఇంట్లో నాలుగు ఓట్లు. ఏ పార్టీవారు ఇచ్చారన్నది ఇక్కడ అనవసరం.

"బేటా, తీసుకున్నాను గాని ఓటు మాత్రం నాకు నచ్చినవాళ్ళకే వేస్తాను. అలా అయితే పాపం ఉండదు కదా?" అంది.

లంచం ఇచ్చేవాణ్ణి, పుచ్చుకునేవాణ్ణి ఇద్దరినీ దైవప్రవక్త (సఅసం) శపించారని, సాక్ష్యం చెప్పడానికి డబ్బు తీసుకుని, ఇచ్చినవాడిని మోసం చేస్తే తప్పు ఒకటి కాస్తా రెండవుతుందని చెప్పాము. తిరిగి ఇచ్చేయమన్నాము.

"వాడు తీసుకోడు. లిస్టులో మన పేర్ల ఎదురుగా టిక్కు పెట్టుకుపోయాడు. మళ్ళీ కనిపిస్తాడా?"

తిరిగి ఇవ్వడం నిజంగా కుదరకపోతే పేదవారికి ఇచ్చేయాలి, సవాబు ఆశించకూడదు అని మస్‌అలా చెప్పాము.

"సవాబు కూడా రాదా!" అని కాసేపు కూర్చుంది. తర్వాత లేచి కవర్లు విప్పి చూసింది. ఒకటి ఖాళీ. కొడుకు అప్పటికే బండికి పెట్రోలు పోయించుకున్నాడట. లోపలికి వెళ్ళి బియ్యం డబ్బాలో దాచుకున్న తన డబ్బు తెచ్చి ఆ నాలుగో కవరు నింపింది. నాలుగూ ఒక గుడ్డలో కట్టి పక్కన పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ అడిగింది.

"మీ ఇంటికి రాలేదా బేటా?"

మా వీధిలో కవర్లు పంచిన సాయంత్రం మేము ఇంట్లో లేము. వచ్చాక అడగలేదు. ఆమెకు ఏదో సర్దిచెప్పి ఇంటికి వెళ్ళి అడిగాము. ఫ్రిజ్ మీద, కరెంటు బిల్లు కింద, రెండు ఉన్నాయి.